లేఖ్యరక్షణము: దస్తావేజు పుస్తకము మొదలు డిస్కు వఱకు

కుందూనదీ పరీవాహకమునఁ గోయిలకుంట్లకును ఆళ్లగడ్డకును నడుమ దొర్నిపాడను గ్రామము గలదు. అది నేఁడు నంద్యాల జిల్లాలో నొక మండలమునకు ముఖ్యస్థానము. అందలి రైతొకఁడు రెండెకరముల నేల కొనినచో దానికి సాక్ష్యముగా నతఁడు పెట్టెలో దాఁచుకొనునది దస్తావేజు. ఆ కాగితము చెదలు తినినను, వానకుఁ దడిసినను, అతని హక్కును నిరూపించు మార్గము పోదు. ఏలయన దాని మాఱుప్రతి రిజిస్ట్రేషను కార్యాలయమున నుండును. కావున నాతనికి నిజమైన యండ తన యింటి పెట్టె కాదు, ఆ మాఱుప్రతియే. పూర్వ మా ప్రతి కాగితపు పుస్తకమున నుండెడిది. ఇప్పు డది డిస్కుమీఁద నుండుచున్నది. పుస్తకమున వ్రాసినది యెట్లు నిలుచునో జనులకుఁ దెలియును. డిస్కున వ్రాసినది యెట్లు నిలుచునో, ఎట్లు చెడునో తెలిసినవా రరుదు. తాళపత్రములకును కైఫియత్తులకును ఛాయాప్రతులు తీయించి డిస్కులలో దాఁచుచున్న యీ కాలమున నా యెఱుక రైతునకే కాక వాఙ్మయపరిశోధకులకును ఆవశ్యకము.

వ్రాఁతల వలస

ఈ సీమలో నేల కదలలేదు గాని దానిని గూర్చిన వ్రాఁతలు పలుమాఱులు కదలినవి. 1800లో నిజాము దీనిని ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలములను పేరు దానివలననే వచ్చినది. 1800 మొదలు 1807 వఱకు మన్రోదొర ప్రధాన కలెక్టరుగా నుండి యిచ్చటి భూములను గొలిపించెను. తరువాత మెకంజీదొర పరివారము గ్రామములు తిరిగి కైఫియత్తులను సేకరించెను. 1858లోఁ గోయిలకుంట్ల తాలూకా కడప జిల్లానుండి విడివడి కర్నూలు జిల్లాలోఁ జేరెను. 1928లో నంద్యాలలో జరిగిన సభయందు దత్తమండలములకు రాయలసీమ యను పేరు వచ్చెను. 1984లోఁ గరణముల యుద్యోగములు రద్దయ్యెను. 1985లోఁ దాలూకాలకు మాఱుగా మండలము లేర్పడెను. 2022 ఏప్రిలు 4వ తేదీన నంద్యాల జిల్లా వెలసెను. ఇన్నిసారులు ఏలుబడియు, పేరులును మాఱినను పాతహక్కు నిలిచెనేని దానికిఁ గారణము ప్రతిసారియు వ్రాఁతలు చెడకుండ నొకచేతినుండి మఱియొకచేతికి మాఱుటయే.

వీనిలోఁ గడపటి వలస మిక్కిలి పెద్దది. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'కార్డు' అను పేరుతో రిజిస్ట్రేషను కార్యాలయములలోఁ గంప్యూటర్లను నెలకొల్పెను. చేతితో నకలు వ్రాయు గుమాస్తాకు బదులు దస్తావేజు బొమ్మను పట్టు యంత్రము వచ్చెను. 2001లో 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టమున 16-ఎ యను క్రొత్త సెక్షను చేర్పఁబడెను. దానినిబట్టి రిజిస్ట్రేషను పుస్తకములను ఎలక్ట్రానిక్ రూపమునను ఉంచవచ్చును. అయితే నియమింపఁబడిన రక్షణలకు లోఁబడి యుంచవలయును. ఆ 'రక్షణలు' అను మాటలోనే యీ వ్యాసవిషయ మంతయు నిమిడియున్నది. రక్షణ యనఁగా గదికిఁ దాళము వేయుట మాత్రమే కాదు.

పుస్తకధర్మములు

డిస్కును దెలిసికొనుటకు ముందు పాతపుస్తకము నొకసారి పరికింపవలయును. రిజిస్ట్రేషను పుస్తకమున పుటలకు వరుససంఖ్యలు ముందే యచ్చువేయఁబడి యుండును. మొత్తము పుట లెన్నియో పుస్తకము నిచ్చు నధికారి మొదటిపుటపై ధ్రువపఱచును. మధ్య నొకపుట చించినచో నది తెలిసిపోవును. దస్తావేజు దాఖలు చేసినవానికి రసీ దియ్యవలయును; పిదప దాఖలైన క్రమముననే, అనావశ్యకమైన యాలస్యము లేక, దానిని పుస్తకమున నెక్కింపవలయును. సంఖ్యలు ప్రతి సంవత్సరము నొకటినుండి వరుసగా సాఁగును. రిజిస్ట్రేషను ముగిసిన పిమ్మట, ఏ పుస్తకమున నే పుటలో నే సంఖ్యతో నెక్కినదియుఁ జూపుచు, అధికారి దస్తావేజుపై వ్రాలును, ముద్రయు, తేదియు వేయును. అంతవఱ కా దస్తావేజు రిజిస్టరైనట్లు కాదు. పేరులనుబట్టి యొకటి, ఆస్తినిబట్టి యొకటి సూచికలు గలవు. పంక్తుల నడుమ నిఱికించిన మాటలు, కొట్టివేఁతలు, ఖాళీలు గల దస్తావేజును, వానివద్ద వ్రాఁతకర్త వ్రాలు లేనిచో, అధికారి నిరాకరింపవచ్చును. నేల రెండు జిల్లాలలోఁ బడినచో నకలు రెండవ జిల్లాకును బంపవలయును.

ఈ నియమములను గుదించి చూచిన నాలుగు ధర్మములు తేలును: క్రమము, స్థిరీకరణము, పరీక్ష, ప్రత్యంతరము. డిస్కున లేఖ్యమును గాపాడుటకును ఈ నాలుగే కావలయును. ఇందులో నొకటి మఱియొకదాని పని చేయదు. లేఖ్యనాశములు పెక్కింటికి మూలము, ఒకటి యున్నదిగదా యని తక్కినవి యున్నట్లు భ్రమించుటయే.

ఫైలుసిస్టము చేయు పని

డిస్కునకుఁ బేరులు తెలియవు. దానికిఁ దెలిసినవి వరుససంఖ్యలు గల గదులు మాత్రమే. ఒక్కొక్క గదిలోఁ బూర్వము 512 బైటులు పట్టెడివి. ఇటీవలి డిస్కులలో 4096 బైటులు పట్టును. 'దొర్నిపాడు' అను పేరు యూనికోడు పద్ధతిలోఁ బది సంకేతములుగాను, యు.టి.ఎఫ్-8 వ్రాఁతలో 30 బైటులుగాను నుండును. కావున నొక గదిలో నా పేరు నూట ముప్పదియాఱుమాఱులు పట్టును. ఏ గదిలో నెవరి వ్రాఁత యున్నదో చూచుకొను కరణమువంటి యేర్పాటే ఫైలుసిస్టము.

ఇది నాలుగు లెక్కలు వ్రాసికొనును. మొదటిది వ్రాఁత తాను. రెండవది, ఆ వ్రాఁత పొడవెంత, ఏయే గదులలో నున్నది, ఎప్పుడు మాఱినదియుఁ జెప్పు చిట్టా. యూనిక్సు సంప్రదాయమున దీనికి 'ఐనోడు' అని పేరు. మూఁడవది, పేరునకును ఐనోడునకును లంకె చూపు పట్టిక. నాలుగవది, ఏ గదులు ఖాళీ, ఏవి నిండినవి యని తెలుపు పటము. క్రొత్త ఫైలొకటి చేరినచో నీ నాలుగును మాఱవలయును. కాని డిస్కు వీనిని విడివిడిగా వ్రాయును. నడుమఁ గరెంటు పోయినచో లెక్కలు పొందక నిలిచిపోవును. పట్టికలోఁ బేరెక్కి ఐనోడు వ్రాయఁబడకున్న, పేరు శూన్యమును జూపును. ఐనోడు వ్రాయఁబడి పటమున గది నిండినట్లు గుర్తు పడకున్న, ఆ గదినే ఫైలుసిస్టము మఱియొక ఫైలున కిచ్చును. అది యొకే నేలను ఇద్దఱి కమ్మినట్లు. పల్లెలలో నిట్టి రెండుమాఱుల యమ్మకము లెన్ని తగవులకు దారితీయునో చెప్పనక్కఱలేదు. డిస్కున రెండవ ఫైలు వ్రాయఁబడఁగనే మొదటిది రూపుమాయును.

క్రమము

పూర్వము దీనికి విఱుగుడు సంపూర్ణశోధనము. కరెంటు వచ్చిన పిదప డిస్కంతయు మొదటినుండి తుదివఱకు వెదకి లెక్కలను సరిపుచ్చెడివారు. డిస్కులు చిన్నవిగా నున్నంతకాలము నిది నిమిషముల పని. పెద్దవైనకొలఁది గంటల పని యయ్యెను. అంతేకాక యీ శోధనము లెక్కల పొందికను దెచ్చునే గాని పోయిన వ్రాఁతను దేలేదు.

రెండవ విఱుగుడు దినచర్య, అనఁగా జర్నలు. మార్పులు చేయఁబోవుటకు ముందే, ఏయే మార్పులు చేయనున్నదియు వరుసగా నొక ప్రత్యేకస్థలమున వ్రాసి, తుదను 'ముగిసినది' యను గుర్తు వేయుదురు. ఆ తరువాతనే యసలుచోట్ల మార్తురు. నడుమఁ గరెంటు పోయి తిరిగి వచ్చినచో, ముగింపు గుర్తు గలవానిని మరల నమలు చేసి, గుర్తు లేనివానిని వదలివేయుదురు. ఈ గుర్తు రిజిస్ట్రారు వ్రాలువంటిది. అది పడినచో రిజిస్ట్రేషను జరిగినది, పడకున్న జరుగలేదు, నడిమి స్థితి లేదు. 1993లో వెలువడిన ఎన్.టి.ఎఫ్.ఎస్. ఈ పద్ధతిదియే. లినక్సున 2001లో ఎక్స్‌ట్3, 2008లో ఎక్స్‌ట్4 దీనిని గైకొనినవి.

అయితే యిం దొక మెలిక గలదు. ఎక్స్‌ట్4 సాధారణస్థితిలో దినచర్యయందు వ్రాయునవి చిట్టాలు, పట్టికలు, పటములు మాత్రమే, వ్రాఁతను గాదు. వ్రాఁతను ముందు దాని చోటఁ బెట్టి, పిదప చిట్టాకు ముగింపు గుర్తు వేయును. వ్రాఁతనుగూడ దినచర్య కెక్కింపుమని కోరవచ్చును గాని, అప్పుడు ప్రతిదియు రెండుమాఱులు వ్రాయవలసి వేగము తగ్గును. కాఁబట్టి దినచర్య గల ఫైలుసిస్టమనఁగా సంసారము చెదరకుండఁ గాచునది యని యర్థమే కాని, ప్రతి యక్షరమును గాచునది యని కాదు.

మూఁడవది పాతదానిని దిద్దని పద్ధతి. మార్పు వచ్చినపుడు ఉన్న గదిని ముట్టక, క్రొత్త గదిలోఁ గ్రొత్తవ్రాఁత వ్రాసి, దానిని జూపు చిట్టానుగూడఁ గ్రొత్తచోట వ్రాసి, ఇట్లు వేరువఱకుఁ బోయి, అన్నిటికంటెఁ దుదను మూలసూచిక నొక్కదానిని మార్తురు. అది మాఱువఱకుఁ బాతలోకము చెక్కుచెదరదు. మాఱిన క్షణమునఁ గ్రొత్తలోకము నిండుగా వెలయును. 2005లో సన్ సంస్థ వెలువరించిన జెడ్.ఎఫ్.ఎస్., 2007లో మొదలైన బి.టి.ఆర్.ఎఫ్.ఎస్., 2017లో ఆపిల్ సంస్థ తెచ్చిన ఏ.పి.ఎఫ్.ఎస్. ఈ తెగవి. రిజిస్ట్రేషనునను ఇదే మర్యాద. దస్తావేజులోఁ దప్పు దొరలినచో నెక్కిన పుటను గొట్టివేయరు. సవరణ దస్తావేజును వేఱుగా వ్రాసి రిజిస్టరు చేయుదురు. పాతది నిలిచియుండుటచే, నిన్నటి స్థితి యెట్లుండెనో యెప్పుడైనఁ జూడవచ్చును. దీనికి వెల వేగమే. తఱచుగా మాఱు పెద్దఫైలు డిస్కుపైఁ జెల్లాచెదరై, తిరుగుపలకలపైఁ జదువుటకు జాగు కలుగును.

రసీదు వేఱు, రిజిస్ట్రేషను వేఱు

దస్తావేజు దాఖలు చేయఁగనే రసీదు వచ్చును. ఆ రసీదును జూచి రిజిస్ట్రేషను ముగిసినదని యింటికి మరలిన రైతు పొరపడినవాఁడే. కంప్యూటరునందును సరిగా నిట్లే జరుగును. వ్రాయుమని ప్రోగ్రాము చెప్పఁగనే ఆపరేటింగు సిస్టము 'సరే' యనును; కాని వ్రాఁత యప్పటికి డిస్కును జేరదు, మెమరీలోనే నిలుచును. పెక్కు వ్రాఁతలను బ్రోగుచేసి యొక్కమాఱు పంపిన వేగము హెచ్చుట దీనికిఁ గారణము. లినక్సున సాధారణముగా ముప్పది సెకనులవఱకును ఒక వ్రాఁత యిట్లు మెమరీలో నుండవచ్చును. ఆ లోపలఁ గరెంటు పోయినచో నది యెన్నఁడును వ్రాయఁబడనట్లే. 'ఇప్పుడే డిస్కునకుఁ జేర్చి, చేరినదని చెప్పుము' అని యడుగు నాజ్ఞకు ఎఫ్‌సింక్ అని పేరు. అదియే నిజమైన స్థిరీకరణము.

ఈ భేదమును మఱచినందులకు 2009లో లినక్సు వాడువారు కొందఱు నష్టపడిరి. ప్రోగ్రాములు క్రొత్తఫైలు వ్రాసి, దానికిఁ బాతఫైలు పేరు పెట్టి, ఎఫ్‌సింక్ అడుగక యూరకుండెడివి. ఎక్స్‌ట్4 గదులను గేటాయించుటను వాయిదా వేయునది గావున, పేరుమార్పు ముందు స్థిరపడి వ్రాఁత వెనుకఁబడెను. నడుమ యంత్ర మాఁగినచోఁ బాతవ్రాఁత పోయి, క్రొత్తది రాక, సున్న బైటుల ఫైలు మిగిలెను. అటుపిమ్మట ఎక్స్‌ట్4 కర్త లిట్టి పేరుమార్పులను గనిపెట్టి వ్రాఁతను ముందుగాఁ బంపునట్లు సవరించిరి. అయినను సరియైన క్రమ మొకటియే: క్రొత్తఫైలు వ్రాయుట, ఎఫ్‌సింక్ చేయుట, పేరు మార్చుట, పిదప పట్టికకును ఎఫ్‌సింక్ చేయుట.

2018లో మఱియొక లోఁతైన దోషము బయలుపడెను. డిస్కు వ్రాయఁజాలక ఎఫ్‌సింక్ విఫలమైనచోఁ బ్రోగ్రాము మరల నడుగవచ్చునని పోస్ట్‌గ్రెస్ అను ప్రసిద్ధ డేటాబేసు నమ్మియుండెను. కాని లినక్సు, తప్పునొకసారి చెప్పి, వ్రాయఁబడని పుటలను వ్రాసినట్లే యెంచెడిది. రెండవసారి యడిగినచో 'సరే' యనెడిది. అనఁగా రసీదు రెండుమాఱులు వచ్చును, పుస్తకమున నెక్కుట లేదు. 2019లో పోస్ట్‌గ్రెస్ కర్తలు, ఎఫ్‌సింక్ విఫలమైనచో మరల నడుగక పని నాఁపి, తమ దినచర్యనుండి తిరిగి మొదలిడునట్లు మార్చిరి.

ఇంకొక మెట్టు గలదు. డిస్కులోపలను చిన్న మెమరీ యుండును. ఆపరేటింగు సిస్టము పంపినదానిని డిస్కు తన మెమరీలోఁ బెట్టుకొని 'చేరినది' యనవచ్చును. అందుచే ఫైలుసిస్టము, 'నీ మెమరీలోనిదానిని పలకమీఁదికిఁ దింపుము' అని వేఱుగా నాజ్ఞాపించును. వేగమునకై యీ యాజ్ఞను నిలిపివేసినవాఁడు, ముద్ర వేయని దస్తావేజును ముద్ర వేసినదిగా నెంచినవాఁడు.

తిరుగుపలకయు, చెఱుపరాని పలకయు

వేగమునకును రక్షణకును గల పెనఁగులాట డిస్కు నిర్మాణమునుబట్టి మాఱును. పాత హార్డుడిస్కు తిరుగుపలక. నిమిషమునకు 7200 చుట్లు తిరుగుదానికి ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకనులు పట్టును. కావలసిన గది క్రిందికి వచ్చుటకు సగటున నందులో సగము, ములుకు కదలుటకు మఱికొన్ని మిల్లీసెకనులు గడచును. కావున చెదరిన గదులను సెకనునకు నూఱింటికి మించి చేరుట యరిది. దీనినిబట్టియే 1984లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మెక్‌కుసిక్ మొదలగువారు నిర్మించిన ఫైలుసిస్టము, ఒక ఫైలు గదులను, దాని చిట్టాను దగ్గఱదగ్గఱగా నుంచెను. తరువాత రోజెన్‌బ్లమ్, ఔస్టర్‌హౌట్ అనువారు 1991లో, వ్రాఁతలన్నిటిని దినచర్యవలె నొకే వరుసగా వ్రాయుచుఁ బోవు పద్ధతిని జూపిరి.

ఇప్పటి ఎస్.ఎస్.డి. తిరుగునది కాదు. ఇందలి నాండ్ ఫ్లాషును తోషిబా సంస్థలోని మసువోకా బృందము 1987లో లోకమునకుఁ జూపెను. దీనిలో నే గదినైనను మైక్రోసెకనులలోఁ జేరవచ్చును. కాని దీని స్వభావ మొక వింత పలకను బోలును. ఖాళీ పలకమీఁదఁ బంక్తి తరువాతఁ బంక్తి వ్రాయవచ్చును. ఒక్క పంక్తిని దుడిచి మరల వ్రాయరాదు. తుడిచినచోఁ బలకనంతయుఁ గడుగవలయును. వందలకొలఁది పుటలు గల ఖండము నొక్కుమ్మడిఁ గడుగుదురు. మఱియు నొక్కొక్క పలక కొన్నిమాఱులు మాత్రమే కడుగుటకు నోర్చును. ఒక కణమున నెక్కువ బిట్టులు దాఁచినకొలఁది నా యోర్పు తగ్గును.

కావున ఎస్.ఎస్.డి. లోపల నొక చిన్న కరణము గలఁడు. ఫైలుసిస్టము 'పదవ గదిలో వ్రాయుము' అన్నచో నతఁడు వేఱొక ఖాళీపుటలో వ్రాసి, పదవ గది యిప్పుడిచ్చట నున్నదని తన పటమున గుర్తించుకొనును. చెల్లని పుటలు నిండిన ఖండమునుండి చెల్లునవి వేఱుచోటి కెత్తివ్రాసి, ఖండమును గడుగును. ఇందువలన ఫైలుసిస్టము ఒక పుట వ్రాయుమన్నచో లోపల రెండుమూఁడు పుటలు వ్రాయఁబడుటయుఁ గలదు. ఏ ఫైలు చెఱుపఁబడినదో ఫైలుసిస్టము చెప్పకున్న, ఆ కరణము చచ్చిన వ్రాఁతలనుగూడ మోసికొని తిరుగును. అందులకే ట్రిమ్ అను నాజ్ఞ పుట్టినది. అయితే ట్రిమ్ జరిగిన పిదపఁ బొరపాటునఁ జెఱిపిన ఫైలును వెదకి తెచ్చుట యించుమించుగా నసాధ్యము. పాత డిస్కులలోవలె నిపుణు లెత్తితెత్తురను నాశ యిచ్చట పనికిరాదు.

ఆ లోపలి కరణము పటమునుగూడ మెమరీలో నుంచుకొనును. హఠాత్తుగాఁ గరెంటు పోయినచో నది చెడవచ్చును. కార్యాలయములకై చేయు మేలుతరగతి డిస్కులలో, పటమును దింపుకొనుట కెడమిచ్చునట్టి కెపాసిటర్లు అమర్తురు. చవుకరకములలోఁ బెక్కింట నవి యుండవు. ఇఁక, ఎస్.ఎస్.డి.ని వ్రాసి బీరువాలోఁ బెట్టి సంవత్సరములకొలఁది కరెంటు తగులనీయక విడుచుట దీర్ఘరక్షణకుఁ దగిన పద్ధతి కాదు. కణములలోని విద్యుత్తు మెల్లమెల్లఁగా జాఱును.

హార్డుడిస్కులలోను ఒక క్రొత్తతెగ గలదు. ఇంటిపెంకులవలె నొక వరుసపై నింకొక వరుస కొంత కప్పునట్లు వ్రాసి, తక్కువచోట నెక్కువ నింపుదురు. నడిమి పెంకును మార్చవలెనన్నఁ బైనున్న వానినిగూడఁ దీసి పేర్పవలయును. ఒకసారి వ్రాసి పలుమాఱులు చదువు భాండారమున కిది తగును. నిత్యము మాఱు లెక్కలకుఁ దగదు.

మౌనదోషము

ఇంతవఱకుఁ జెప్పినవి కరెంటు పోయినప్పటి యాపదలు. అన్నిటికంటె నపాయకరమైనది, ఏమియు జరుగనట్లే జరుగునది. వ్రాసిన బిట్టొకటి తానుగా మాఱును; లేదా డిస్కు వ్రాఁతను వేఱుగదిలో వ్రాసి సరిగా వ్రాసితినని చెప్పును. ఎవ్వరును దెలిసికొనరు. '2' అను నంకెలో నొక్క బిట్టు మాఱినచో నది '3' కావచ్చును, '6' కావచ్చును. దొర్నిపాటి రైతు రెండెకరములు లెక్కలో మూఁ డయ్యెనేని లాభ మొకనికి, తగ వందఱికి. ఇది మిక్కిలి యరుదని తలఁపరాదు. 2008లో ప్రకటింపఁబడిన యొక పరిశోధనమున 15 లక్షల 30 వేల డిస్కులను 41 నెలలు పరికింపఁగా, 4 లక్షలకుఁ బైఁగా నిట్టి పొందమి సంఘటనలు కానవచ్చెను.

మన లేఖకులకు నీ భయము తెలియనిది కాదు. ముప్పదిరెండక్షరముల నొక గ్రంథముగా లెక్కించి, పుస్తకముచివర గ్రంథసంఖ్య వ్రాయు నాచారము గలదు. దానిచే లేఖకుని కూలియు నేర్పడును, ఆకు జాఱినచోఁ దెలియును. కాని యొక యక్షరమునకు బదులు మఱియొక యక్షరము పడినచో నా సంఖ్య పట్టఁజాలదు. చెక్‌సమ్ అనునది యంతకంటె సూక్ష్మమైన గ్రంథసంఖ్య. గదిలోని బైటులన్నిటిని గణితమున బిగించి యొక చిన్నసంఖ్యను దీయుదురు. ఒక్క బిట్టు మాఱినను నా సంఖ్య మాఱును.

ఆ సంఖ్యను ఎచ్చట నుంచవలెనను ప్రశ్నయును ముఖ్యము. వ్రాఁతప్రక్కనే యుంచినచో, గది మొత్తము పాతదిగానే మిగిలిపోయినపుడు పాతవ్రాఁతయుఁ బాతసంఖ్యయు సరిపడి దోషము దాఁగును. అందుచే జెడ్.ఎఫ్.ఎస్. సంఖ్యను వ్రాఁతవద్ద నుంచక, ఆ వ్రాఁతను జూపు పై చిట్టాలో నుంచును. పుటల మొత్తమును ఆ పుటలు వ్రాయు గుమాస్తా కాక, పుస్తకము నిచ్చిన యధికారి మొదటిపుటపై ధ్రువపఱచుట యిట్టిదే. బి.టి.ఆర్.ఎఫ్.ఎస్.యు వ్రాఁతలకుఁ జెక్‌సమ్ లుంచును. ఎక్స్‌ట్4 2012 మొదలు చిట్టాలకు మాత్రమే యుంచఁగలదు, వ్రాఁతలకు లేదు. అట్టిచోట భాండారపాలకుఁడు ప్రతి ఫైలునకుఁ జెక్‌సమ్ పట్టికను వేఱుగా వ్రాయించి యుంచవలయును. పట్టిక యుండిన మాత్రమున జాలదు. నియతకాలమున డిస్కంతయుఁ జదివి సరిచూడవలయును. తెఱవని కట్టలోఁ బురుగు పడినది యెవ్వరికిఁ దెలియును?

ప్రత్యంతరము

దోషము తెలిసినంత మాత్రమున దిద్దుట కుదరదు. మంచిప్రతి యింకొకటి కావలయును. 1988లో పాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు పెక్కు చిన్నడిస్కులను గూర్చి రెయిడ్ అను పద్ధతిని బ్రకటించిరి. ఒక డిస్కు చచ్చినను దక్కినవానినుండి వ్రాఁతను దిరిగి కూర్పవచ్చును. ఇది మేలైనదే. కాని రెయిడ్ ప్రత్యంతరము గాదు. పొరపాటున నొకఫైలు చెఱిపినచో నది యన్ని డిస్కులలో నాక్షణమే చెఱుగును. దొంగప్రోగ్రాము వ్రాఁతలను జెఱచినచో నన్నిటిని జెఱచును. నిప్పంటినచోఁ బెట్టెతో నన్నియుఁ గాలును. రెండవ జిల్లాకు నకలు పంపుమన్న 1908వ సంవత్సరపు నియమము కార్యార్థమై పుట్టినదైనను, దాని ఫలము రక్షణము: వేఱుచోట, వేఱుచేతిలో నొక ప్రతి.

దీనికి దత్తమండలముల చరిత్రయే సాక్ష్యము. మెకంజీ 1821లో మరణించెను. ఆయన కూర్పించిన కైఫియత్తుల కాగితములు కాలక్రమమున శిథిలము కాఁజొచ్చెను. కడపలో నుద్యోగించి తెలుఁగున కెంతయు నుపకరించిన బ్రౌనుదొర వానికి బ్రతులు వ్రాయించెను. అవి మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునఁ జేరి నిలిచెను. నేఁడు దత్తమండల గ్రామములను గూర్చి పరిశోధకు లెఱుఁగు విషయములలోఁ గొంతభాగ మాప్రతుల చలువయే. బ్రౌను గొప్ప కాగితమును గనిపెట్టలేదు, క్రొత్త సిరా కనిపెట్టలేదు. మూలము చెడకముందే, సరిచూచి, వేఱొకచోట నొక ప్రతి యుంచెను. ఫైలుసిస్టముల చరిత్ర తేల్చినదియు నింతే.

కావున దస్తావేజులను గాని తాళపత్రచ్ఛాయలను గాని డిస్కున నిలుపువా రడుగవలసిన ప్రశ్నలు నాలుగు. వ్రాయుటలోఁ గరెంటు పోయినచో లెక్కలు పొందియుండునా? 'చేరినది' యన్న మాట మెమరీ చెప్పినదా, పలక చెప్పినదా? నిన్న వ్రాసినది నేఁడును నట్లే యున్నదని సరిచూచు సంఖ్య యేది, దానిని గడపట సరిచూచిన తేది యేది? ఈ గది కాలినచో రెండవప్రతి యెచ్చట నున్నది, దానినుండి యొక ఫైలును దిరిగి తెచ్చి చూచిరా? కడపటి ప్రశ్నకుఁ 'జూచితిమి' అను సమాధానము రానియెడలఁ దక్కినవి యెంత చక్కగా నున్నను ఆ భాండారము సురక్షితము కాదు. డిస్కుల యాయువు సంవత్సరములలో లెక్కింపఁబడును, నేలహక్కు తరములలో లెక్కింపఁబడును. ఈ రెంటి నడిమి దూరమును దాఁటించునది డిస్కు కాదు. కాలము తప్పక ప్రతి వ్రాసి సరిచూచు మనుష్యుఁడే.